మూడు గజాల మాట

ఈ మధ్య నా పొట్ట నాకంటే రెండడుగులు ముందు నడుస్తోంది. రెండేళ్ళ కిందట ఒక పెళ్ళికని కొన్న ప్యాంటు మొన్న గుండీ దగ్గర మొండికేసింది. బస్టాండు పక్కన కుట్టుకొట్టుకు పట్టుకెళ్ళాను. కొట్టాయన దాన్ని తిరగేసి, నడుం దగ్గర కుట్టును వేలితో తడిమి, మళ్ళీ నా చేతిలోనే పెట్టాడు.

"లోపల గుడ్డ లేదు పెద్దాయనా. విప్పటానికేం వదల్లా. రెడీమేడ్ గదా."

ఆ ముక్క మా అత్త చెవిన పడితే ఆ కొట్టు ముందే నిలబడి, ఆ ప్యాంటు కుట్టినవాడికి, కొన్న నాకు, అమ్మిన షాపుకు కలిపి ఒకే తిట్టు తిట్టి ఉండేది. ఆమె పోయి పద్దెనిమిదేళ్ళు. ప్యాంటు చంకలో పెట్టుకుని వస్తూ దారంతా ఆమె గొంతే విన్నాను.

అత్త అన్నానని మా ఇంటి చుట్టమనుకోకండి. నరసరావుపేటలో మా వీధిలో, మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండే సాయిబుల ఇంటి ఆమె. వీధి మొత్తానికి నానీ. నేనొక్కణ్ణే అత్తా అనేవాణ్ణి. ప్రేమగా ఉన్నప్పుడు నన్ను "అల్లుడూ" అనేది. కోపం వస్తే "గుమాస్తా" అనేది. అప్పట్లో నేను ఒక వకీలు గారి దగ్గర గుమాస్తాని. అరుగు మీద ఆమె కుట్టుమిషను, మిషను పక్కన బిస్కెట్ల రేకుడబ్బా, డబ్బా వెనక ఆమె నోరు. మిషను అప్పుడప్పుడు ఆగేది.

పిల్లలకు తప్ప కుట్టేది కాదు. ఒకసారి చొక్కా గుడ్డ పట్టుకెళితే నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నువ్వు పెరిగేది తిండికి అల్లుడూ. దానికి నా దారం దండగ" అని గుడ్డ వెనక్కిచ్చింది.

పిల్లల బట్టలకు ఆమె పద్ధతి ఆమెది. ఎంత గుడ్డ ఇస్తే అంతా లోపల దాచేది. చేతులకు రెండు మడతలు, నిక్కరు అంచుకు మూడు, పక్క కుట్లలో ఇంకో రెండేళ్ళ గుడ్డ. పిల్లవాడు పెరిగినకొద్దీ ఒక్కో మడతా విప్పి ఇచ్చేది. విప్పినచోట గుడ్డ రంగు వెలిసిపోకుండా ఉంటుంది గదా, అందుకని మా వీధి పిల్లల నిక్కర్ల అంచున ముదురు చారలుండేవి. చారలు లెక్కపెట్టి ఎవడు ఏ తరగతో చెప్పొచ్చు. మా పెద్దవాడు ఒకే నిక్కరుతో ఒకటో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా వెళ్ళాడు.

ఎనిమిది కాదు, నాలుగు. నాకు చిన్నప్పటినుంచీ అంతే, ఏది చెప్పినా కొంచెం గాలి కొట్టి చెబుతాను. మీరు ఎక్కడికక్కడ గాలి తీసి చదువుకోండి.

ఆమె మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతుండేది, గౌరవానికి. దాని మీది అంకెలు ఆమెకు రావు. అసలు కొలతలు గుడ్డపేలికలతో. ఛాతీకొకటి, నడుముకొకటి, తొడకొకటి. కొలత ఎక్కడికొస్తే అక్కడ కత్తెరతో చిన్న గాటు. ఒక్కో పిల్లాడి పేలికలన్నీ కలిపి ఒక ముడి, ఆ ముళ్ళన్నీ రేకుడబ్బాలో. అన్నింటిలో ఎవరి ముడి ఏదో చూడకుండా వేలితో తీసేది. "టేపు ఊరందరిదీ. పేలిక ఆ బిడ్డ ఒక్కడిదే" అనేది.

ఇప్పుడు నా ఘనకార్యం చెబుతాను. ఎనభైల మొదట్లో ఆమె మనవడికి, అంటే కూతురి కొడుక్కి, ఐదోనెలలో మద్రాసు తీసుకెళ్ళి గుండె ఆపరేషన్ చేయించింది నేనే.

గాలి తీస్తాను. చేసింది డాక్టర్లు. బిడ్డను మోసింది తల్లి. వెంట నడిచింది అత్త. నేను సంచులు పట్టుకున్నాను.

బిడ్డ పాలు రెండు గుక్కలు తాగి, చెమటలు కారి, వదిలేసి రొప్పేవాడు. మా ఊరి పెద్ద డాక్టరు వాడి చెయ్యి పట్టుకుని చూశాడు. తర్వాత గజ్జలో రెండు వేళ్ళు ఆనించి చాలాసేపు కదలకుండా నిలబడ్డాడు. "చేతిలో నాడి ఉరుకుతోందమ్మా. కాల్లో అందటంలా. గుండె నుంచి కిందికి పోయే పెద్ద రక్తనాళం ఒకచోట నొక్కుకుపోయింది. మద్రాసు పోండి, ఆలస్యం చెయ్యమాకండి" అన్నాడు. తండ్రి లారీ మీద నాగపూరు అవతల ఎక్కడో ఉన్నాడు, కబురందే దారి లేదు. ఆడవాళ్ళిద్దరూ దిక్కులు చూస్తుంటే నేను అరుగెక్కి, "మద్రాసు నాకు అరచెయ్యి. అరవం నోటికొచ్చు. ఇంగ్లీషు సంగతి మీకు తెలిసిందే" అన్నాను.

మద్రాసులో నేనున్నది పదకొండు రోజులు. పదో తరగతి తప్పి సినిమాల్లో చేరదామని పారిపోయినప్పుడు. అందులో ఎనిమిది రోజులు ఒక ఇడ్లీ కొట్టు వెనక గిన్నెలు కడిగాను. నాకొచ్చిన అరవమంతా 'ఇంకా కడుగు' అనే అర్థం వచ్చే నాలుగు మాటలు. ఇక నా ఇంగ్లీషు కోర్టు ఇంగ్లీషు. పిటిషను, కౌంటరు, అడ్జర్న్‌మెంటు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఎదురుపడగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "యువర్ ఆనర్."

అయినా ఆపరేషన్ బాగా జరిగింది. మూడోవారం ఇంటికి పంపేరోజు మధ్యాహ్నం ఆ డాక్టరే వచ్చాడు. పొడుగాటి మనిషి, నెమ్మదస్తుడు. కాగితం వెనక బొమ్మ గీశాడు: ఒక గొట్టం, మధ్యలో నొక్కు, ఆ నొక్కు కోసి రెండు కొసలూ కలిపి కుట్టిన గీత. దాన్ని పెన్సిలుతో తట్టి చూపిస్తూ, బిడ్డ కాళ్ళు చూపిస్తూ, వేళ్ళ మీద ఏవో లెక్కపెడుతూ చాలాసేపు చెప్పాడు. నేను తల ఊపుతూనే ఉన్నాను. ఆయన వెళ్ళాక తల్లీకూతుళ్ళు నా మొహంకేసి చూశారు.

"అయిపోయింది అత్తా. పూర్తిగా బాగయిపోయింది. ఇక భయం లేదు" అన్నాను.

కూతురు ఏడ్చేసింది. బిడ్డను తెచ్చి నా కాళ్ళ దగ్గర పడుకోబెట్టబోయింది. పక్క మంచాల వాళ్ళు కూడా విషయం తెలియకుండానే నాకు దణ్ణం పెట్టారు. అత్త మాత్రం డాక్టరు వెళ్ళిన వైపు చూసి, "అంతేనా?" అంది.

"అంతే."

ఆ డాక్టరు ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

ఆసుపత్రి కాగితం భద్రంగా నా దగ్గర ఉంచుతానన్నాను. మా వకీలు గారి బీరువాలో రెండు అరలు. పై అరలో నడుస్తున్న కేసులు, కింది అరలో ఫైసలైపోయినవి. నేను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఎర్ర నాడాతో కట్టి, కింది అరలో పెట్టాను.

వకీలు గుమాస్తా అసలు పని ఏమిటో మీకు చెప్పాలి. వాదించేది వకీలు, తేల్చేది జడ్జి. మళ్ళీ వాయిదా ఎప్పుడో రాసుకుని కక్షిదారుకు చెప్పడం గుమాస్తా పని. ఈపూరు నుంచో బెల్లంకొండ నుంచో తెల్లారే బయల్దేరి వచ్చిన రైతు కోర్టు వరండాలో గొంతుక్కూర్చుని, "మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారయ్యా?" అని అడిగేది నన్నే. నేను చెప్పకపోతే అతను రాడు, అతను రాకపోతే కేసు పోతుంది. ముప్పై ఏళ్ళ నౌకరీలో నేను ఒక్క వాయిదా మరిచిపోలేదు. ఇందులో గాలి లేదు. మరిచిపోలేదు.

ఆ తర్వాత ఆరేళ్ళు నా వైభవం చూడాలి. అత్త అరుగుకు ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర మద్రాసు కథ చెప్పమని అడిగేవాళ్ళు. అడక్కపోయినా చెప్పేవాణ్ణి. మొదట్లో నేను ఆపరేషన్ గది బయట ఉన్నాను. రెండో ఏడాదికి లోపలికి వెళ్ళాను. నాలుగో ఏడాదికి ఆకుపచ్చ గౌను తొడుక్కున్నాను. ఐదో ఏడాదికి డాక్టరు సూది పట్టుకుని, ఇక్కడ కుట్టమంటారా, అక్కడ కుట్టమంటారా అని నన్నే అడిగాడు. ఆ అరుగు మీది నుంచి అత్త ఇదంతా వింటూ మిషను తొక్కేది. ఒక్కసారీ కాదనలేదు. "మా అల్లుడు లేకపోతే బిడ్డ లేడు" అని తనూ ఒక మాట వేసేది.

రంజానుకు ముందు ఒకరోజు, పిల్లాడికి అప్పుడు ఆరేళ్ళు, ఆమె రేకుడబ్బాతో మా వసారాలోకి వచ్చింది.

"గుమాస్తా, ఇట్టా రా."

గుమాస్తా అందంటే ఏదో ఉంది. వెళ్ళాను. ముడి విప్పి పేలికలు నేలమీద వరసగా పరిచింది.

"ఇయ్యి ఛాతీవి. చూడు, ఏడాదికో వేలెడు పెరిగాడు. ఇయ్యి తొడవి. ఇది నాలుగో ఏడు. ఇది అయిదు. ఇది నిన్న కొలిచింది. ఒకదాని మీద ఒకటి పెట్టు."

పెట్టాను. మూడు గాట్లూ ఒక్కచోటే ఉన్నాయి.

"చొక్కాకి ఉన్న మడతలన్నీ విప్పా. నిక్కరుకి రెండేళ్ళనుంచి ఒక్కటీ విప్పలా. ఒకే బిడ్డ, ఒకే తిండి. పైన పెరిగి కింద పెరక్కపోటమేందయ్యా?"

"సన్నకాళ్ళు అత్తా. నాయన పోలిక..."

"వాళ్ళ నాయన కాళ్ళు రోకలిబండలు. నువ్వు జూళ్ళా?" అంది. "బడికాడ అందరూ ఉరుకుతుంటే ఈడు నాలుగడుగులేసి పిక్కలు పట్టుకుని కూలబడతాడంట. ముక్కులో రగతం. ఎండ అనుకున్నాం. పాదాలు పట్టుకుంటే మిట్టమధ్యాన్నం కూడా కుండలో నీళ్ళ మాదిరి చల్లగా ఉంటన్నయి. ఆ మద్రాసు కాగితం తియ్యి."

ఆఫీసు తాళం లేదన్నాను. తెచ్చేదాకా ఇక్కడే కూచుంటానంది. వెళ్ళాను. కింది అరలో, రెండు పొలం గట్టు తగాదాల మధ్య, నాడా కట్టు విప్పకుండా అలాగే ఉంది. తెచ్చి ఆమె ముందే చదివాను. ఏటా తీసుకురావాలి. చేతిలో బీపీ, కాల్లో నాడి చూడాలి. బిడ్డ పెరిగేటప్పుడు కుట్టినచోట మళ్ళీ బిగుసుకోవచ్చు. మళ్ళీ ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు. అంతా టైపు కొట్టి ఉంది, కోర్టు ఆర్డరంత స్పష్టంగా.

ఈసారి ఒక్క ముక్క వదలకుండా తెలుగులో చెప్పాను. ఆమె పేలికలు ఒక్కొక్కటే ఏరి మళ్ళీ ముడి వేసింది. అరిచి ఉంటే బాగుండేది.

"మడిసి పెరుగుతాడు, కుట్టు పెరగదు. ఇంతేగా ఆయన చెప్పింది? ఇది నాకు చెబితే తెలవదా? పొద్దస్తమానం నే చేసే పనేంది?" ముడి డబ్బాలో వేసి, "గుమాస్తా, ఆ రోజు డాక్టరు మూడు గజాల మాట చెప్పాడు. నువ్వు నాకు జేబురుమాలు కుట్టిచ్చావు. మిగతా గుడ్డ యాడ బెట్టావు?" అంది.

గుడ్డ మిగుల్చుకుంటారని దర్జీలను ఊరంతా అంటుంది. ఆ మాట ఒక దర్జీ నన్ను అడిగింది.

"ఆయన ఇంగ్లీషు నాకు అర్థం కాలేదత్తా" అన్నాను.

ఆమె నా మొహం కొలత తీసుకున్నట్టు చూసింది. "సరే. రేపు పొద్దున బస్సుకి తయారుగుండు."

తెనాలి దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. దారిలో నేను ఒక్క కథా చెప్పలేదు. పిల్లాడే అడిగాడు, "మామా, నా ఆపరేషన్‌లో నువ్వు గౌనేసుకున్నావంటగా?" అని. కిటికీలోంచి చీరాల చూపించాను.

అదే డాక్టరు. చెవుల దగ్గర నెరిసింది. పిల్లాడి గజ్జలో వేళ్ళు పెట్టాడు, చేతికి బీపీ పట్టీ చుట్టాడు, పెదవి బిగించాడు. తర్వాత నా వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగాడు: ఆరేళ్ళు ఎందుకు తీసుకురాలేదు? ఎవరికి చెప్పాను నేను?

"ఏందంట?" అంది అత్త. చెప్పాను.

ఆమె కూతురి వైపు ఒకసారి చూసింది. నా వైపు చూడలేదు. "అయ్యా, తప్పు నాది. కుట్టుపనిలో పడి నాకే తీరిక లేకపోయింది. ఈయన ఏటేటా చెపుతానే ఉన్నాడు, నేనే ఇనలా. ఇది ఇంగిలీషులో చెప్పు."

ఇక్కడ నేను తల ఎత్తి, కాదు డాక్టర్, తప్పు నాది అన్నానని రాద్దామని కలం పట్టుకున్నప్పటినుంచీ అనుకుంటున్నాను. అనలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు, పొల్లు పోకుండా ఇంగ్లీషులో చెప్పాను. నా బతుకులో అంత పూర్తిగా చేసిన తర్జుమా ఇంకొకటి లేదు. ఆయన ఆమెను తిట్టాడు. నెమ్మదస్తుడు గదా, నెమ్మదిగానే తిట్టాడు. బిడ్డ ప్రాణం మీదికి తెచ్చారన్నాడు. ఆ తిట్లను మళ్ళీ తెలుగులో ఆమెకు చెప్పవలసినవాణ్ణీ నేనే. ఆమె చేతులు కట్టుకుని, "అవునయ్యా, అవునయ్యా" అంటూ నా తిట్లు తను తిన్నది.

రెండోసారి కష్టమన్నారు. పాత కుట్టు చుట్టూ అన్నీ అతుక్కుపోయి ఉంటాయి, ముందు వాటిని విడదీసుకోవాలన్నారు. ఆ మాట చెబితే, "ఇప్పి కుట్టటం ఎప్పుడైనా కష్టమే" అంది అత్త, తోటి పనివాడి సంగతి చెప్పినట్టు.

పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్ళిన పొద్దున, వరండాలో బల్ల మీద ఆమె, పక్కన నేను. కూతురు ఇంకోవైపు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. రెండు గంటలు గడిచాయి. నా నోరు, జన్మలో మొదటిసారి, గాలి కొట్టకుండా తెరుచుకుంది.

"అత్తా, ఆ రోజు నాకు అర్థమైంది."

ఆమె ఆపరేషన్ గది తలుపు వైపే చూస్తోంది.

"అంతా కాదు. మళ్ళీ తీసుకురమ్మన్నది అర్థమైంది. మళ్ళీ కొయ్యాల్సి రావచ్చన్నదీ అర్థమైంది. మీరిద్దరూ అట్లా చూస్తుంటే నోరు రాలేదు. బాగయిపోయిందన్నాను. అనగానే దణ్ణాలు పెట్టారు. ఆ తర్వాత ఇంకేం చెప్పను? ఊరెళ్ళాక నిదానంగా చెబుదామనుకున్నాను. ఊళ్ళో ఇంకా ఎక్కువ దణ్ణాలు పెట్టారు."

"తెలుసులే" అంది.

"ఎట్లా తెలుసు?"

"అర్థంగానోడు మళ్ళీ అడుగుతాడు. నువ్వు అడగలా, తలూపావు." కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకూ తప్పుంది. అంతేనా అని ఒక్కసారి అడిగి ఊరుకున్నా. మంచి మాట ఇన్నాక రెండోసారి అడగబుద్ధి కాలా." ఆ తలుపు వైపు చూపించింది. "అల్లుడూ, ఇప్పుడు అందులోంచి ఆయన బయటికొస్తాడు. ఏం చెప్పినా, ఎంత చెప్పినా, అంతా ఇయ్యి. చెడ్డదైనా సరే. కత్తిరించమాక."

'అల్లుడూ' అంది. గుమాస్తా అని ఉంటే తట్టుకునేవాణ్ణేమో.

ఇంకో గంటన్నరకు ఆయన వచ్చాడు. నేను లేచి ఎదురెళ్ళి, ఆయన ఒక వాక్యం అనగానే చెయ్యి ఎత్తి ఆపాను. తెలుగులో చెప్పాను. ఇంకో వాక్యం. మళ్ళీ ఆపాను. అర్థం కాని రెండు మాటలు సిగ్గు లేకుండా మూడుసార్లు అడిగాను. పిల్లాడు బాగున్నాడు. బిగుసుకున్నచోట ఈసారి వెడల్పుగా ఒక అతుకు వేశారు. కాల్లో నాడి వచ్చింది. మూడు రోజులు గడవాలి, అప్పటిదాకా భయం ఉంది. ఏటా రావాలి. పెద్దయ్యాక కూడా చూపించుకుంటూనే ఉండాలి. ఇంకోసారి చెయ్యవలసి రాదని మాట ఇవ్వలేను అన్నాడు. ఆ చివరి మాట మింగేద్దామనిపించింది. అత్త చూస్తోంది. అదీ చెప్పాను.

"అంతేనా?"

"అంతే అత్తా."

"ఇప్పుడు సరిపోయింది" అంది. అప్పుడు ఏడ్చింది.

ఊరొచ్చాక నేను ఆ కాగితాన్ని బీరువా పై అరలో పెట్టాను. కోర్టు డైరీలో నంబరు లేని కేసుగా పిల్లాడి పేరు రాసుకున్నాను. ఏటా ఆ వారం రాగానే ఆమె వసారాలోకి వచ్చి నిలబడేది. నేను వాయిదా చెప్పేవాణ్ణి. వీధిలో మాత్రం కడదాకా "మా అల్లుడు లేకపోతే బిడ్డ లేడు" అనేది. టీకొట్టు దగ్గర నేను ఆ కథ మానేశాను.

మానేశానా? ఒక ఏడాది మానేశాను. తర్వాత మళ్ళీ మొదలుపెట్టాను. కాకపోతే గౌను తీసేశాను.

మొన్న ఆ ప్యాంటు చంకలో పెట్టుకుని అత్త మనవడి షెడ్డు దగ్గర ఆగాను. నలభై దాటాయి వాడికి. బస్టాండు అవతల మోటార్ సైకిళ్ళు బాగుచేస్తాడు. కాళ్ళు ఇప్పుడు తండ్రివే. ప్యాంటు సంగతి చెబితే చేతులు తుడుచుకుంటూ నవ్వాడు.

"అది సరేగానీ మామా, ఈ ఏడు నా వాయిదా ఎప్పుడు?"

"నీ ఫోనులో పెట్టుకున్నావు గదరా. రోజూ గంట కొట్టి మరీ చెబుతుంది."

"ఉంది. అయినా నీ నోటితో చెప్పు. నానీ చెప్పిపోయింది, ఏటేటా నిన్నే అడగమని."

"ఎందుకంట?"

"అడక్కపోతే మా అల్లుడు సగం మింగుతాడు అంది."

డైరీ జేబులోనే ఉంది. తీసి చదివాను. "పంతొమ్మిదో తారీఖు, శుక్రవారం. పొద్దున తొమ్మిదింటికి. పాత కాగితాలన్నీ పట్టుకుని పోవాలి. పోయినసారి బీపీ మాత్ర మార్చారు, అది చెప్పాలి."

"అంతేనా మామా?"

అచ్చం ఆమె అడిగినట్టే అడిగాడు.

"ఆగరా" అని డైరీ మళ్ళీ తెరిచాను.